నూట నలభై మూడో పేజీ

బస్సు రేణిగుంట దాటేసరికి మిస్బా అలివేలమ్మ నంబరుకు పదకొండోసారి ఫోన్ చేసింది. పదకొండోసారీ అదే రికార్డు గొంతు, మీరు పిలుస్తున్నవారు స్పందించడం లేదు, దయచేసి కాసేపాగి ప్రయత్నించండి. కాసేపట. కాసేపు ఎక్కడుంది తన దగ్గర, నాలుగు కావడానికి మూడు నిమిషాలు, ఐదింటికి యాప్‌లో తన ఆడియో సీరియల్ చివరి ఎపిసోడు పడుతుంది, ఈ డ్రైవరు మహానుభావుడు చూస్తే చెయ్యెత్తిన ప్రతివాడికీ వియ్యంకుడికిచ్చినంత మర్యాద ఇచ్చి ఆపుతున్నాడు. తిరుపతి బస్టాండులో కారు మాట్లాడుకోవాలన్న తెలివి కూడా లేకపోయింది. కాళహస్తి బోర్డున్న బస్సు కదులుతూ కనపడింది, పరిగెత్తి ఎక్కేసింది, అంతే. ఒళ్ళో సంచి, సంచిలో పుస్తకం, పుస్తకం బరువు తొడలకు తెలుస్తోంది. పక్క సీట్లో కొండమీద గుండు చేయించుకుని చందనం పూసుకున్న పెద్దావిడ, రాహుకేతు పూజకు పోతున్నట్టుంది, మిస్బా ముఖం చూసి రెండుసార్లు ఏదో అడగబోయి మానుకుంది. ఎవరికైనా బాగాలేదా అని అడుగుతుంది కాబోలు. ఏం చెప్పాలి, బాగానే ఉంది అమ్మా, ఇప్పటిదాకా బాగానే ఉంది, ఇంకో గంట బాగుంటుంది.

మూడింటికి తిరుమలయ్య ఫోన్ చేసినప్పుడు ఆయన గొంతులో కంగారు లేదు, అదే ఇప్పుడు గుర్తొస్తే ఎక్కువ భయంగా ఉంది. తిరుచానూరులో అమ్మవారి గుడి వీధి మలుపులో అలివేలమ్మ పూలంగడి, అంగడంటే ఒక బల్ల, ఒక తడిగుడ్డ, ఒక పాత గొడుగు. తిరుమలయ్య ఆమె మొగుడు, బల్ల వెనక కూచుని అరటినార చీలుస్తుంటాడు. "అమ్మణ్ణీ, మా అలివేలు మీ ఇంటి పక్కకేమన్నా వచ్చిందా?" అన్నాడు. రాలేదన్నా, ఏమైంది అంటే, "ఏంలేదు, పదకొండు గంటలకి కారేసుకోని ఇద్దరొచ్చినారు. వాళ్ళమ్మకి నడుము పట్టేసిందంట, లేసి కూసోలేకుండా ఉండాదంట. ఒక్కసారి తొక్కిపోమ్మా అని కాళ్ళు పట్టుకున్నంత పని సేసినారు. మంచి పిలకాయలే, సెప్పులు గూడా రోడ్డు మీదనే ఇడిసినారు. సాయంత్రం మాలలు కట్టాల కదా, మూడైనా రాలే, అందుకే అడిగితి" అన్నాడు. ఏ ఊరన్నా అని ఊరికే, నోటి అలవాటుగా అడిగింది. "పలకలగుట్ట కాడంట, ఏర్పేడు దాటినాక" అన్నాడు తిరుమలయ్య. ఆ మాట చెవిలో పడ్డాక మిస్బా చేతిలో ఉన్న టీ గ్లాసును కింద పెట్టిందో పారేసిందో గుర్తులేదు. పలకలగుట్ట దగ్గర ఊరు లేదు. ఆ సంగతి అందరికన్నా తనకు బాగా తెలుసు. సమీపమున జనావాసము లేదు, అని అచ్చులో ఉంది, ఆ వాక్యాన్ని తను మొదటి ఎపిసోడులోనే గొంతు తగ్గించి, ఆగి, మళ్ళీ చదివింది. ఊరే లేనిచోట నడుము పట్టేసిన అమ్మ ఎక్కడినుంచి వస్తుంది?

అయినా తిరుమలయ్యకు చెప్పలేదు. నేను పోయి పిలుచుకొస్తాలే అన్నా, నాకు ఆ పక్క పనుంది, అంది. పిరికితనం. దానికి ఇంకో పేరు లేదు. నీ పెళ్ళాన్ని నేను కథలో రాశాను, కథలో ఆమెను గుట్టెక్కించాను, ఎక్కించినదాన్ని దించలేదు అని ఆ ముసలాయనకు ఫోన్లో ఎట్లా చెప్పాలి. అంత చేతకానిదాన్ని సీరియల్ రచయిత్రి అంటున్నారు, ముప్పై తొమ్మిది ఎపిసోడులకు లక్షల మంది చెవులొగ్గారు.

ఇదంతా దబ్బనం పని. అబ్బా, అంటే నాన్న, పుస్తకాలు కుట్టే అంగట్లోని దబ్బనం. హజరత్ వలి బైండింగ్ అంగడి అంటే తిరుపతిలో ఒకప్పుడు కాలేజీలకూ కోర్టులకూ అందరికీ తెలుసు. చిరిగినవి, చెదలు తిన్నవి, వానకు తడిసి ఉబ్బినవి బస్తాల్లో వచ్చేవి, అట్టలు కట్టించుకుని పోయేవి. పోనివి ఇంట్లోనే మిగిలాయి. అట్లా మిస్బా అట్టలు లేని పుస్తకాల మధ్య పెరిగింది. పేరు తెలియదు, రాసినవాడు తెలియదు, నడిమధ్యలో మొదలై నడిమధ్యలో ఆగిపోతాయి. ఒకటి మందుమొక్కల పుస్తకం, ఒకటి పశువుల రోగాలది, ఒకటి ఎప్పటిదో రైళ్ళ టైముల పట్టిక, పులికాట్ పక్షుల జాబితా ఒకటి, ఇంకా దొర పుస్తకం. దొర పుస్తకం అంటే తెల్లవాళ్ళ కాలంలో ఎవరో అధికారి రాయించిన ఈ జిల్లా కొండలూ చెరువులూ ఆచారాలూ, మదరాసులో అచ్చయిన తెలుగు, ఎటు చూసినా అరసున్నలు. కథ తోచనప్పుడు మిస్బా మూడు పుస్తకాలు తీసి వరసగా నిలబెట్టి, కళ్ళు మూసుకుని అంచుల్లో దబ్బనం గుచ్చుతుంది. గుచ్చిన చోట తెరుస్తుంది. మొదటిదాంట్లో చోటు, రెండోదాంట్లో మనిషి, మూడోదాంట్లో ముడి. ఒకసారి రైళ్ళ పట్టికలో గూడూరు ప్యాసింజరు, పశువుల పుస్తకంలో గాలికుంటు, పక్షుల్లో రాజహంస వచ్చాయి, ఆ మూడింటితో రాసిన చిన్న కథకు బహుమతి కూడా వచ్చింది. ఊరికే కూచుంటే ఊహ పుట్టదు, ఎవడో ఎప్పుడో ఓపిగ్గా రాసిపెట్టిన వివరాల మీద పడితేనే నిప్పు రాజుకుంటుంది, అని ఆమె కొత్తగా రాసేవాళ్ళకు చెప్పేది కూడా. ఎంత గొప్పగా చెప్పిందో. నిప్పు అనే మాటే వాడింది.

బస్సు ఆగింది. ఎవరో మేకపిల్లను ఎత్తుకుని ఎక్కారు, కండక్టరు దానికీ టికెట్ అన్నాడు, అందరూ నవ్వారు. కిటికీలోంచి స్వర్ణముఖి ఇసుక తెల్లగా, ఎండకు కళ్ళు పొడుస్తోంది. మేకపిల్ల కాళ్ళు తాడుతో కట్టేసి ఉన్నాయి. మిస్బా ముఖం తిప్పుకుంది.

ఈ సీరియల్ మొదలుపెట్టిన రోజు దబ్బనం దొర పుస్తకంలో పలకలగుట్ట మీద పడింది. ఆరే లైన్లు. తూర్పున పెద్ద రాతిపలక కలదు, పైన కప్పులేని మంటపము, సమీపమున జనావాసము లేదు, నిక్షేపమును గూర్చి వదంతులు కలవు. వదంతులు కలవు. ఆ రెండు మాటలను పట్టుకుని నలభై ఎపిసోడులు లాగింది, లాగగలిగినందుకు తనను తాను మెచ్చుకుంది కూడా. రెండో పుస్తకం మందుమొక్కలది, అందులో నడుము పట్టుకు కట్టు. అది చదివి నవ్వొచ్చింది, ఎందుకంటే ముందురోజే తన నడుము పట్టేస్తే పోయి అలివేలమ్మ చేత తొక్కించుకుని వచ్చింది. అలివేలమ్మ ఎదురుకాళ్ళతో పుట్టింది, తల కాకుండా కాళ్ళు ముందు భూమ్మీదకొచ్చాయి. అట్లా పుట్టినవాళ్ళు పాదం ఆనిస్తే నడుము పట్టు వదులుతుందని ఈ పక్కన చిన్నాపెద్దా అందరి నమ్మకం. డాక్టరు దగ్గర స్కానింగు రాయించుకున్న లాయర్లు కూడా ఆ పూలబల్ల వెనక చాపమీద బోర్లా పడుకున్నారు. అలివేలమ్మ గోడ పట్టుకుని, కుడిపాదం మెల్లగా ఆనించి, మూడుసార్లు తొక్కి దిగుతుంది. డబ్బు తీసుకోదు, తీసుకుంటే గుణం పోతుందట. మోసినంతకాలం కడుపులో మా యమ్మను తన్నినానంట అమ్మణ్ణీ, ఇప్పుడు ఊరందర్నీ తంతా ఉండా, అని నవ్వేది. ఆ పాదం బరువు మిస్బాకు ఇప్పటికీ నడుముమీద తెలుసు. పగుళ్ళు, తడి, ఒక రకమైన మల్లెల వాసన. మనిషి దొరికింది అనుకుంది అప్పుడు. రెండోదాంట్లో మనిషి దొరికింది.

మూడో పుస్తకంలో దబ్బనం గుచ్చలేదు. ఆ రోజు బద్ధకించింది, అక్కడే తప్పు జరిగింది. గుచ్చి ఉంటే ఏ కొంగ గూడో, ఏ గేదె పొదుగు వాపో వచ్చేది, కథ ఇంకెటో పోయేది. గుచ్చకుండా తనే అల్లింది. గుట్టమీది నిక్షేపం తలుపు తెరుచుకోవాలంటే ఎదురుకాళ్ళతో పుట్టిన స్త్రీ కావాలని, ఆమె తనంతట తాను నడిచి రావాలని. ఈ జిల్లాల్లో గుప్తనిధుల పిచ్చి కొత్తదా, ఏ పాత గుడి వెనక చూసినా ఒక గొయ్యి, నాలుగు నిమ్మకాయలు, కోడి ఈకలు, మర్నాడు పేపర్లో నాలుగు లైన్లు. వినేవాళ్ళకు ఒళ్ళు గగుర్పొడవాలి, నమ్మాలి. నమ్మించడానికి ఒక కిటుకు ఆమెకు ఎప్పటినుంచో తెలుసు, పేజీ నంబరు చెప్పాలి. ఒక పుస్తకంలో ఉందట అంటే ఎవడూ నమ్మడు, నూట నలభై మూడో పేజీలో ఉంది అంటే నమ్మనివాడు ఉండడు. ప్రతి ఎపిసోడు మొదట్లో అదే పల్లవి, ఈ మాట నాది కాదు, పుస్తకంలో ఉంది. హైదరాబాదు నుంచి మోహన, యాప్ తరఫున సీరియల్ పనులు చూసే అమ్మాయి, ఈ లైన్ అదుర్స్ అక్కా, దీన్నే పోస్టరు చేద్దాం అంది. పోస్టరుతో ఆగలేదు. ఆ పేజీ చూపిస్తూ ఒక వీడియో కావాలంది.

లేని పేజీని ఎట్లా చూపిస్తావు? బైండరు కూతురివి, ఆ మాత్రం చేతకాదా. అంగట్లో పాత పుస్తకాల నుంచి కోసి దాచిన ఖాళీ కాగితాలున్నాయి, నూరేళ్ళ పసుపు వాటికి సొంతం, టీ నీళ్ళలో ముంచిన దొంగ పసుపు కాదు. పాత అచ్చు అక్షరాలు ఒక కుర్రకారు కంపెనీ కంప్యూటర్లో తయారుచేసి అమ్ముతోంది. భాష తనే రాసింది. ఎదురుకాళ్లతో జన్మించిన స్త్రీ తనంతట నడచి వచ్చినచో, ఆమె పాదములు కడిగి, పసుపు పూసి, తూర్పు పలకపై నిలుపవలెను. పిమ్మట ఈ మాటలను బిగ్గరగా చదువవలెను. చదివినది ముగియునప్పటికి తలుపు తెరచుకొనును. ఆమె తిరిగి దిగరాదు. చివరి వాక్యం రాసినప్పుడు తనకే చేతిమీద వెంట్రుకలు లేచాయి, ఆహా అనుకుంది. అచ్చు వేయించి తెచ్చి, దొర పుస్తకంలో పెట్టి కుట్టమని అబ్బా ముందు పెట్టింది. హజరత్ వలికి ఇప్పుడు కంటిచూపు మందగించింది, కానీ వేళ్ళు మందగించలేదు. ఆ కాగితాన్ని బొటనవేలితో రుద్దాడు. "ఇది మన అంగడి కాగితమే కదమ్మా. ఇంతకాలం యాడుండె ఈ పేజీ?" అన్నాడు. సినిమా పోస్టరు మాదిరి అబ్బా, ఉత్తుత్తిదే, వీడియో తీసి పీకేస్తా అంది. ఆయన మైదా జిగురు కలిపించుకున్నాడు, సూదిలో దారం కూతురి చేతే ఎక్కించుకున్నాడు. "కుట్టినాక పేజీ పేజీనే. నిజమా అబద్ధమా అనేది దారానికేం తెలుస్తాది" అన్నాడు. నలభై ఏళ్ళలో ఒక్క పుస్తకానికి కూడా లేనిది కలిపినవాడు కాదు, ఉన్నది పోనిచ్చినవాడూ కాదు. తన కోసం చేశాడు. ఆ మాట తలుచుకుంటే బస్సులో ఉన్నానన్న సంగతి మరిచి మిస్బా గట్టిగా నిట్టూర్చింది, పక్కావిడ నీళ్ళ సీసా అందించింది.

ఫోను మోగింది. మోహన. "అక్కా, టెక్ వాళ్ళతో మాట్లాడాను. ఐదింటి రిలీజు లాకైపోయింది, ఇప్పుడు తీస్తే యాపంతా దెబ్బతింటుందంటున్నారు. అమావాస్య స్పెషల్, మీ గొంతుతో ఆ పేజీ మొత్తం చదువుతారు అని నెల నుంచి చెప్తున్నాం కదా. మొదట్లో ఇది కల్పితం అని మూడు సెకన్లు వేయిస్తాను, సరేనా?" మూడు సెకన్లు. మోహనా, ఒక మనిషి ప్రాణం పోతుంది అంటే, "అక్కా మీరు బాగా అలిసిపోయారు, చివరి ఎపిసోడు తర్వాత అందరికీ ఇట్లాగే ఉంటుంది" అంది, ప్రేమగానే అంది. పోలీసులకూ బస్సెక్కగానే ఫోన్ చేసింది. ఆయనెవరో ఓపిగ్గానే విన్నాడు. "ఆమె ఇష్టంగానే కదమ్మా కారెక్కింది? ఇంటాయన కంప్లెయింట్ ఇచ్చినాడా? సరే, యా గుట్టో లొకేషన్ పెట్టు, జీపు రాంగానే పంపిస్తాం" అన్నాడు. లొకేషన్ పెట్టింది. మ్యాపులో ఆ గుట్టకు అయిదు నక్షత్రాలు, రెండు వందల పన్నెండు అభిప్రాయాలు. తన సీరియల్‌కు ముందు ఆ గుట్ట మ్యాపులోనే లేదు.

కారులో వచ్చిన ఆ ఇద్దరికీ అలివేలమ్మ ఎట్లా దొరికింది అని వేరే ఆలోచించాల్సిన పనిలేదు. కథలో ఆమె పేరు మంగతాయి, అంగడి కాళహస్తిలో, మిగతాదంతా మార్చకుండా ఉంచింది, గోడ పట్టుకోవడం, మూడుసార్లు తొక్కడం, డబ్బు తీసుకోకపోవడం. ఇరవయ్యో ఎపిసోడు కింద ఎవరో రాశారు, ఈమె నిజంగానే ఉండాది, తిరుచానూరు గుడి వీధి, మా అత్తకు తొక్కింది. మిస్బా దానికి ఎర్ర హృదయం పెట్టింది. వేలు ఆనించినంతసేపు, అంతే. ఇప్పుడు ఆ వేలు చూసుకుంటే ఏదోగా ఉంది. అలివేలమ్మ కూడా ఊరుకోలేదు పాపం, నీమీద కథ రాశానక్కా అంటే నోరు తెరిచింది. "నామీదా? పూలమ్ముకునేదాని మీద ఏం కథ అమ్మణ్ణీ!" అంది, తర్వాత వీధంతా చెప్పుకుంది. ఆ తురకమ్మాయి నన్ను కథలో పెట్టింది, నా కాళ్ళమీద రాసిందంట, అని కొనవచ్చిన ప్రతివాళ్ళకూ మూర పూలు ఎక్కువే వేసి చెప్పింది. కథ చివర ఏమవుతుందో ఆమె అడగలేదు. ఆమెకు స్మార్టు ఫోను లేదు. మిస్బా చెప్పలేదు.

దొర పుస్తకం సంచిలోంచి బయటికి తీసింది. బస్సు కుదుపులకు పేజీలు వాటంతటవే తెరుచుకుంటున్నాయి, తెరుచుకున్నప్పుడల్లా అదే పేజీ. వీడియో కోసం పదిసార్లు తిప్పి తిప్పి అక్కడ మడత పడింది. గుట్ట దగ్గరికి పోయి వాళ్ళ ముందు దీన్ని పీకి చూపిస్తాను, ఇదిగో చూడండి, దొంగ పేజీ అంటాను, వాళ్ళూ మనుషులే కదా, చెప్పులు విడిచి వచ్చిన మనుషులు. ముందే కాస్త వదులు చేసిపెట్టుకుంటే మంచిదనిపించింది. గోటితో దారం వెతికింది. అబ్బా కుట్టు, మామూలుగా దొరుకుతుందా. వెన్ను దగ్గర మడత విప్పి చిన్న ముడి పట్టుకుని లాగింది. మొదట రాలేదు. పళ్ళతో కొరికి మళ్ళీ లాగింది. దారం సర్రున వచ్చింది, దాంతోపాటు పేజీలు జారి ఒళ్ళో పడ్డాయి, నూట ముప్పై ఏడు, నూట ముప్పై ఎనిమిది, చెరువుల జాబితా, పలకలగుట్ట ఆరు లైన్లున్న పేజీ కూడా, కొన్ని కిందికి పోయాయి, పక్కావిడ అయ్యో అంటూ వంగి ఏరింది. నూట నలభై మూడు మాత్రం కదల్లేదు. దాన్ని అబ్బా కుట్టడమే కాదు, మైదా జిగురుతో పక్క పేజీకి అంటించాడు, మూడోవంతు పేజీ చిరిగితే తప్ప ఊడదు. అబద్ధం ఒక్కటే గట్టిగా నిలబడింది. ఇప్పుడు ఈ పుస్తకాన్ని ఎవరైనా చూస్తే ఏది దొంగపేజీ అంటారు? ఊడిపోయినవే అంటారు. మిస్బా ఊడిన పేజీలను ఒళ్ళో అటూ ఇటూ సర్దింది.

ఏర్పేడు వచ్చేసింది, జనం లేస్తున్నారు, నాలుగూ ఇరవై రెండు. అప్పుడు ఫోను మోగింది, అలివేలమ్మ నంబరు. ఎత్తడానికి ముందు ఒక్క క్షణం భయం వేసింది, ఎవరు మాట్లాడతారో అని.

"ఏం అమ్మణ్ణీ, ఇన్నిసార్లు సేసినావే?" అలివేలమ్మే. గొంతులో నవ్వు, వెనక గాలి హోరు. "ఫోను కార్లో మరిసినా. ఈ అబ్బి ఇప్పుడు తెచ్చిచ్చినాడు."

"అక్కా, యాడుండావు?"

"గుట్టమీద. ఎంత సల్లగా ఉండాదో సూడు గాలి! వాళ్ళమ్మ ఇంకా రాలేదు, డోలీలో ఎత్తుకొస్తా ఉండారంట. ఈ పలకమీద తొక్కితేనే గుణమంట. అమ్మణ్ణీ, నవ్వుతావేమో, నా కాళ్ళు కడిగినారు ఈ పిలకాయలు. ఇత్తడి తాంబాళంలో పెట్టి కడిగినారు. పసుపు గూడా పూసినారు." ఆగింది. తర్వాత గొంతు తగ్గించి అంది. "ఎంతమంది నడుములు తొక్కినానో. నా కాళ్ళు కడిగినోళ్ళు ఒక్కరూ లేరు. నా పెండ్లిలో గూడా నేనే కడుక్కున్నా."

కడిగి, పసుపు పూసి, తూర్పు పలకపై. కామాలతో సహా తన వాక్యమే. "అక్కా," అంది, "దిగెయ్. ఇప్పుడే దిగెయ్, ఎవరేం చెప్పినా వినొద్దు, అది నేను రాసిన కథక్కా, నేను," అంటుండగానే అవతల ఫోను చేతులు మారింది.

"మేడం, నమస్తే. మీ గొంతు యాడ విన్నా గుర్తుపడతాం మేడం. నా పేరు మునిప్రసాద్. మొదటి ఎపిసోడ్ నుంచి వింటా ఉండాము." మర్యాద, నిజంగానే మర్యాద. గుడిలో పూజారితో మాట్లాడేవాడి గొంతు.

"ఆ పేజీ అబద్ధం," అంది మిస్బా. బస్సంతా వినపడేలా అరిచింది. "విను మునిప్రసాద్, ఆ పేజీ నేనే రాసినాను. పుస్తకంలో అట్లాంటిదేమీ లేదు. మా అబ్బా చేత కుట్టించినాను. నీకు దండం పెడతాను, ఆమెను కిందికి పంపించు."

"వీడియో చూసినాం మేడం. మీ చెయ్యే కదా పేజీ తిప్పింది. పచ్చ గాజులు."

"పుస్తకం నా దగ్గరుంది. తెస్తా ఉండాను. నీ కళ్ళముందే చించుతాను."

"చించబాకండి మేడం," అన్నాడు, ఆ ఒక్కమాటలో మాత్రం తొందర వినిపించింది. "అందరూ ఇట్లనే సేస్తారు, దగ్గరికి రాంగానే భయపడతారు. ముప్పై ఆరో ఎపిసోడ్‌లో మీరే చెప్పినారు కదా, తెలిసినవాళ్ళు తెలీదంటారు అని."

చెప్పింది. ఆ వాక్యం బాగుందని తనే రెండుసార్లు చదివింది. పోలీసులొస్తున్నారు అంది. "రానీండి, ఆమెను మేము లాక్కొచ్చినామా? నడిచొచ్చింది" అన్నాడు. తనంతట నడచి వచ్చినచో. ఏ మాట అన్నా వాడి దగ్గర తన మాటే సిద్ధంగా ఉంది, మూడు నెలలుగా తనే నేర్పించింది. ఇంక మిగిలింది ఒక్కటే, బతిమాలడం. "నేను వస్తా ఉండాను," అంది. "ఏర్పేడులో ఉండాను. ఆటో ఎక్కుతాను. నేనొచ్చిందాకా ఏమీ చెయ్యొద్దు. చదవాల్సింది నేనే కదా? నేను చదవంది ఎట్లా అవుతుంది, నేనొస్తాను, ఆగు, నేనొచ్చి చదువుతాను."

"మీరొస్తే అంతకన్నా ఏం కావాల మేడం. మెల్లగా రాండి, రాళ్ళు జారతాయి. రాలేకపోయినా ఇబ్బంది పడబాకండి. స్పీకరు పెట్టుకున్నాం. ఐదింటికి ఎట్లైనా మీ గొంతే కదా చదివేది."

కండక్టరు దిగాలమ్మా దిగాల అంటున్నాడు. మిస్బా మెట్ల దగ్గర ఫోను చెవికి అదిమిపట్టుకుని నిలబడిపోయింది, మునిప్రసాద్ ఇంకా పెట్టేయలేదు, గాలి వినిపిస్తోంది, గాలిలో దూరంగా అలివేలమ్మ గొంతు.

"ఎవురు, మా అమ్మణ్ణా? వస్తా ఉండాదా ఈడికి? అట్లైతే నేను యాడికీ పోను నాయనా, ఎంతసేపైనా ఈడనే నిలబడుకోనుంటా."